మొహిద్దీన్ సాబు మెలిక

ఆపరేషన్ అయిన గుర్రం మొదటి ముద్ద నమిలిన చప్పుడు చెవిన పడందే నజీముద్దీన్ ఇంటికి బయల్దేరేవాడు కాదు. వినమని ఎవరూ చెప్పలేదు. డాక్టర్ హాలొరన్ చేతులు కడుక్కుని, కారెక్కి, దారిలో పాలు కొనుక్కుని ఇంటికి చేరేసరికి కూడా అతను కొట్టం గోడకి వీపు ఆనించి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉండేవాడు. లోపల గడ్డిపరక విరిగి, పళ్ల మధ్య నలిగి, గొంతులోకి దిగిన చప్పుడు వినిపించాక లేచి ప్యాంటు దులుపుకునేవాడు. "అల్‌హమ్దులిల్లా" అని, అప్పుడు కారు తాళాలు వెతుక్కునేవాడు.

అది 1999. మెల్‌బోర్న్ చివర క్లైడ్ నార్త్‌లో ఇప్పుడున్న ఇళ్ల వరసలు అప్పటికి లేవు. మేత బీళ్లు, కూరగాయల తోటలు, వాటి మధ్య రేకుల కప్పుతో ఆ గుర్రాల ఆసుపత్రి.

నజీముద్దీన్‌ది కర్నూలు. మలక్‌పేట రేసుకోర్సులో గుర్రాల డాక్టర్ల దగ్గర పద్నాలుగేళ్లు కాంపౌండరుగా చేశాడు. భార్య జరీనా కోబాల్ ప్రోగ్రాములు రాసేది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడి పంతొమ్మిది వందలకి వెళ్లిపోతాయని లోకం 'వైటూకే' అంటూ గాభరా పడుతున్న రోజుల్లో ఇక్కడి బ్యాంకు ఒకటి ఆమెను పిలిపించుకుంది. వీసా ఆమెది. ఇతను వీసా కాగితాల్లో 'డిపెండెంట్'. వాళ్లుండే డాండెనాంగ్‌లో పక్క ఫ్లాట్ల సాఫ్ట్‌వేరు కుర్రాళ్లు ఆ మాట పట్టుకుని వదిలేవాళ్లు కాదు.

"ఏం డిపెండెంట్ అంకుల్, గుర్రాలక్కూడా వైటూకే వస్తదా?"

"వస్తుంది నాయనా. పాత సంవత్సరానికి పోయి అక్కడే నిలబడిపోయేవి వాటిలోనూ ఉంటాయి."

నవ్వుతూనే అనేవాడు. కానీ అలా నిలబడిపోయినవాడు తనే. ఉన్నట్టుండి అతనికి ఒక చప్పుడు వినిపించేది. టక్... టక్... రేకు అంచు మీద మెత్తటిదేదో తగిలినట్టు, రెండుసార్లు తట్టి కాసేపు ఆగి, మళ్లీ రెండుసార్లు. సూపర్‌మార్కెట్ వరసలో నిలుచున్నప్పుడు వినిపించేది, సజ్దాలో నుదురు నేలకి ఆనించినప్పుడు వినిపించేది. జరీనాకి ఆ ముఖం చూస్తే తెలిసిపోయేది. వాళ్లింట్లో మామూలు మాటలు ఉర్దూలో, పోట్లాటలు తెలుగులో సాగేవి.

"ఏందబ్బా, మళ్లా వింటాండావా?"

"నీకు వినపళ్లేదా?"

"అది నేను కీబోర్డు కొడతాండేదిరా సామీ. ఇరవై ఏండ్ల నాటి ప్రోగ్రాము, సంవత్సరంలో రెండంకెలు మింగేసి కూచుంది. కక్కిస్తాండా."

అతను సరేనని తలూపేవాడు. అది కీబోర్డు కాదని అతనికి తెలుసు. అది గులాబీ.

గులాబీ వాళ్ల నాన్న మొహిద్దీన్ సాబు జట్కా గుర్రం. కర్నూలు పాత బస్టాండు దగ్గర మొహిద్దీన్ సాబు రెండింటికి పేరుపడ్డాడు. ఒకటి, గుర్రం మీద కొరడా ఎత్తకపోవడం. రెండోది, ఆయన వేసిన ముడి. గడ్డిమోపయినా, బండి పట్టీ అయినా, చివరి చుట్టుని ఎడమవైపు కిందికి తిప్పి బొటనవేలితో లోపలికి నొక్కితే అది ఆయన విప్పితే తప్ప రాదు. మిగతా జట్కావాళ్లు దాన్ని మొహిద్దీన్ సాబు మెలిక అనేవాళ్లు. కొడుక్కి పదేళ్లు రాకముందే అది వేయడం, విప్పడం నేర్పాడు.

ఆ పదో ఏడే, రంజాన్ నెలలో, గులాబీ ముందుపళ్లు ఒక ఇనుప గేటు గడియలో ఇరుక్కున్నాయి. అది బెదిరి తల వెనక్కి లాగింది. కింది దవడ ముందుభాగం విరిగి వేలాడింది. ఆ తర్వాతిది నజీముద్దీన్ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. జరీనాకి కూడా "బతకలేదు" అన్న వరకే తెలుసు.

*

డిసెంబరు మూడోవారంలో ఒక శుక్రవారం. అది కూడా రంజానే. ఇక్కడ ఎండాకాలం రోజా ఉపవాసమంటే తెల్లవారుజాము నాలుగు నుంచి రాత్రి దాదాపు తొమ్మిదిదాకా. పెదాలు ఎండి, నాలుక అంగిలికి అతుక్కుపోయేది. ఆ పొద్దున జైప్రకాష్ ట్రెయిలర్‌లో తన ఆడగుర్రం మైనాని తీసుకొచ్చాడు.

జైప్రకాష్ ఫిజీ మనిషి. ముత్తాత ఎప్పుడో విశాఖ వైపు నుంచి చెరుకు తోటలకి వెళ్లాడు. 1987 గొడవల తర్వాత ఇతను 'బా' ఊళ్లో పొలం, గుర్రం అన్నీ వదిలేసి ఇక్కడికి వచ్చి, కారు విడిభాగాల గోడౌన్లో పనిచేస్తున్నాడు. తెలుగు వాళ్ల నానమ్మ దగ్గర విన్నదే, అందులో సగం హిందీ, సగం ఇంగ్లీషు. బండి పందాల్లోంచి రిటైరయిన మైనాని తెచ్చుకుని ఊరి చివర బీడు అద్దెకి తీసుకుని పెంచుకుంటున్నాడు.

"గేట్‌లో భాయ్. గేట్ లాచ్‌లో పన్ను పట్టింది. ట్రక్ హారన్ కొట్టింది, ఇది పుల్ చేసింది," అన్నాడు.

నజీముద్దీన్ మైనా కింది పెదవి ఎత్తి చూశాడు. ఆరు ముందుపళ్లూ ఎముకతో సహా విడిపోయి, సొరుగు జారినట్టు కిందికి జారి ఉన్నాయి. ఆ సందులో గడ్డి ఇరుక్కుని ఉంది. 

"ఇది మనం చెయ్యగలిగేదే," అంది డాక్టర్ హాలొరన్. సన్నటి మనిషి, మాట తక్కువ, చెయ్యి గట్టిది. "గుర్రాల దవడలు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తాయి నాజ్. సరిగ్గా పట్టుకుంటే చాలు, అవే అతుక్కుంటాయి."

మైనాని మత్తిచ్చి పడుకోబెట్టారు. పళ్లు కలుస్తున్నాయో లేదో చూసుకోవడానికి నోరు ఖాళీగా ఉండాలి. అందుకని ఊపిరి గొట్టం ముక్కులోంచి వేశారు. విరిగిన చోట కడిగి, గడ్డిపరకల్నీ ఎముక పలుకుల్నీ ఏరేశారు. లావుపాటి సూదిని రెండు పళ్ల మధ్య చిగుళ్ల దగ్గర దూర్చడం, సూది బోలులోంచి స్టీలు తీగ పంపడం, సూది వెనక్కి లాగేస్తే తీగ అక్కడే ఉండిపోవడం, ఇలా ఒక్కో పన్నూ కుట్టుకుంటూ వచ్చారు. మగగుర్రమైతే మధ్యలో ఉండే కోరపన్నుకి తీగ తగిలిస్తారు. ఆడగుర్రాలకి సాధారణంగా అది ఉండదు. అందుకని చెంప మీద చిన్న గాటు పెట్టి, అందులోంచి తీగని దవడపన్ను చుట్టూ తిప్పి తెచ్చారు.

విరిగిన ముక్కని ఎత్తి, పైపళ్లకి సరిగ్గా ఆనేలా పట్టుకోవడం నజీముద్దీన్ పని. గంటన్నర పట్టుకున్నాడు. డాక్టర్ పట్టకారుతో తీగ మెలి తిప్పుతుంటే అతను చెవి దగ్గరగా పెట్టాడు. తీగ బిగిసేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది. ఒక చుట్టు తక్కువైతే పళ్లు కదులుతాయి. ఎక్కువైతే తీగ తెగుతుంది.

"చాలు," అన్నాడు.

డాక్టర్ ఆపింది. తీగ కొసలు మడిచి, పెదవికి గీసుకోకుండా కట్టుడుపళ్లు చేసే పింక్ ముద్దతో కప్పింది. గడ్డం కింద చీరుకున్న చర్మం కుట్టేసింది.

"తీగ లోపల చూసుకుంటుంది. బయట నువ్వు గడ్డానికీ చెంపకీ ఈగలు వాలకుండా కట్టు కట్టు. నీ కట్టు జారదుగా! సాయంత్రానికి తడిపిన దాణా పెట్టు. అది నమలాలి. తినే గుర్రమే బాగుపడుతుంది."

డిసెంబరు ఈగలు మేఘంలా ముసురుతాయి. నజీముద్దీన్ దూది పెట్టి, మూతి చుట్టూ, చెవుల వెనక నుంచీ తిప్పి కట్టు కట్టాడు. నోరు ఎండిపోయి, కళ్ల ముందు చుక్కలు ఆడుతున్నాయి. ఎప్పుడు మొదలుపెట్టాడో, ఎప్పుడు ముగించాడో కూడా అతనికి తర్వాత గుర్తులేదు.

ఆ సాయంత్రం బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఎదురుచూశాడు. నమిలిన చప్పుడు రాలేదు.

*

శనివారమూ తినలేదు. తడి దాణాలో మూతి పెడుతుంది. పెదాలు ఆడిస్తుంది. ముద్ద అందుకోలేక వదిలేస్తుంది. డాక్టర్ రెండుసార్లు వచ్చింది. పెదవులు ఎత్తి, తీగలు చూసి, "ఒక్కటీ కదల్లేదు" అంది. కొత్త తీగల మీద ఒత్తిడి పడుతుందని నోరు తెరిచి చూడలేదు. నొప్పి మందు పెంచింది. ముక్కులో గొట్టం వేసి నీళ్లూ జావా పోసింది. నజీముద్దీన్ కట్టు మార్చి మళ్లీ కట్టాడు. అది చూసి డాక్టర్, "చూడచక్కగా ఉంది నాజ్" అంది.

బయటికొచ్చాక జైప్రకాష్‌కి నిదానంగా చెప్పింది. చెవి దగ్గర దవడ కీలులో కూడా ఎముక విరిగి ఉండొచ్చు. అక్కడ ఎముక మీద ఎముక పడి ఎక్స్‌రేలో తేలదు. అక్కడికి తీగ పోదు. "గొట్టంతో ఎన్నాళ్లో బతికించలేం. రేపు మధ్యాహ్నం మూడుకి వస్తాను. అప్పటికీ తినకపోతే, అది బాధపడకుండా నిద్రపుచ్చేద్దాం."

జైప్రకాష్ చాలాసేపు టోపీ చేతుల్లో తిప్పుకున్నాడు. "సరే డాక్టర్. దానికి పెయిన్ వద్దు," అన్నాడు.

ఆ సాయంత్రం ఎండ ఇంకా కిటికీలో ఉండగానే జరీనా ఖర్జూరాలూ షర్బతూ పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నా మిషన్లు రెండంకెలు మింగేసినాయి. నీ గుర్రమేమో ఏం మింగదంట. ఇద్దరికీ మంచి ఉద్యోగాలే దొరికినాయి," అని నవ్వించబోయింది.

అతను నవ్వలేదు. "పొద్దున్నుంచీ ఆగడంలేదు జరీనా. కొట్టంలో కూచుంటే పక్కనే వచ్చి తడుతోంది."

"ఎవరు?"

"గులాబీ."

జరీనా షర్బతు నింపుతున్న గ్లాసు కిందపెట్టింది. నీరసం వల్ల అంటే కోపం తెచ్చుకుంటాడు. అందుకని అతని చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఆ చెయ్యి బొటనవేలు దానంతట అదే దేన్నో లోపలికి నొక్కుతూ ఉంది.

*

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి జైప్రకాష్ వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని, చావింటికి వచ్చినవాడిలా వచ్చాడు. డబ్బాలో క్యారెట్ తురిమి, బెల్లం పాకం కలిపి తెచ్చాడు.

"లాస్ట్ టైమ్ తినిపిస్త భాయ్. తినకపోయినా స్మెల్ చూస్తది."

రేకు బకెట్టులో పోసి మైనా ముందు పెట్టి బయటికి వచ్చి, గోడ దగ్గర నజీముద్దీన్ పక్కన కూలబడ్డాడు.  దూరంగా రోడ్డు మీద ఒక ట్రక్కు పోయింది.

టక్... టక్.

నజీముద్దీన్ కళ్లు మూసుకున్నాడు.

టక్... టక్.

"నాక్ చేస్తోంది చూడు భాయ్," అన్నాడు జైప్రకాష్. "డోర్ కొట్టినట్టు."

నజీముద్దీన్ ఒక్కసారిగా అతని వైపు తిరిగాడు. "మీకు వినపడుతోందా?"

"ఎందుకు వినపడదు? చెవిటోడినా?"

"ఆ చప్పుడు మీకు... నిజంగా?"

"ఏమైంది భాయ్ నీకు? మైనానే కదా. గడ్డంతో బకెట్టు కొడుతోంది. ఆకలైనప్పుడు అంతే చేస్తది. నాకు లేటు అయితే బీడులో గేటు కొడతది."

ఇరవై ఎనిమిదేళ్లుగా తన ఒక్కడి చెవిలోనే ఉందనుకున్న చప్పుడు అది. ఆకలైనప్పుడు అంతే చేస్తుంది. నొప్పితో తిండి వద్దనుకున్న గుర్రం బకెట్టు తట్టదు. తినాలని ఉండి, నోరు రాని గుర్రం తడుతుంది.

నజీముద్దీన్ లేచిన విసురుకి కింద బకెట్టు దొర్లిపోయింది. కొట్టంలోకి వెళ్లి మైనా మూతి పట్టుకున్నాడు. కట్టు కింద రెండు వేళ్లు దూరాలి. అది డాక్టర్ నియమం. ఒక వేలు పెట్టి చూశాడు. దూరలేదు. చిటికెనవేలు పెట్టాడు. గోరు కూడా పోలేదు. గడ్డం కింద తడుముకుంటూ వెళ్లాడు. చివరి చుట్టు ఎడమవైపు కిందికి తిరిగి, లోపలికి నొక్కి ఉంది.

ఈ ఆసుపత్రిలో కట్టు కొసని టేపుతో అంటిస్తారు. ఈ మెలిక ఇక్కడ ఎవరికీ తెలియదు. ఇది తెలిసిన మనిషి కర్నూల్లో ఖబరస్తాన్‌లో ఉన్నాడు.

వేళ్లు వాటంతట అవే విప్పాయి. చిన్నప్పుడు నేర్పినట్టే, కుడివైపు లాగి, పైకి.

కట్టు జారి గడ్డిలో పడింది. మైనా ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత మెల్లగా కింది దవడని పక్కకి కదిపింది. ఇంకోసారి. తల బకెట్టులోకి దించింది. క్యారెట్ తురుము తడిగా నలిగిన చప్పుడు. మింగిన చప్పుడు. మళ్లీ నమిలిన చప్పుడు.

తలుపు దగ్గర జైప్రకాష్ రెండు చేతులూ తలమీద పెట్టుకుని, "అరె మైనా, అరె మైనా," అంటున్నాడు. కాసేపటికి అతని చూపు గడ్డిలో పడున్న కట్టు మీదికి పోయింది. అక్కడినుంచి నజీముద్దీన్ చేతుల మీదికి వచ్చింది.

"భాయ్. ఆ కట్టు నువ్వే కదా కట్టింది?"

"నేనే."

"టూ డేస్ అది ఆకలితో..."

"నేనే నోరు కట్టేశాను. కట్టినట్టు నాకే తెలీదు."

జైప్రకాష్ లోపలికి వచ్చాడు. వెళ్లి గుర్రానికీ నజీముద్దీన్‌కీ మధ్య నిలబడి, బకెట్టుని తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ తర్వాత నజీముద్దీన్ వైపు చూడనేలేదు.

మూడింటికి డాక్టర్ హాలొరన్ నల్లపెట్టె పట్టుకుని వచ్చి, గుమ్మంలో ఆగిపోయింది. బకెట్టు సగం ఖాళీ. ఆమె ముఖం విచ్చుకుంది. ఆ సంతోషం నిలబడనిస్తే నిలబడేది. కట్టు అతని జేబులోకి పోతే సరిపోయేది. నజీముద్దీన్ దాన్ని ఎత్తి ఆమె చేతిలో పెట్టాడు. మెలిక పడిన చోట బట్ట ఇంకా చుట్టుకుపోయి ఉంది.

"కీలులో ఏమీ విరగలేదు డాక్టర్. ఇది బిగుసుకుంది. నిన్న మార్చినప్పుడూ ఇలాగే కట్టాను."

ఆమె కట్టుని అటూ ఇటూ తిప్పి చూసింది. పెట్టె కిందపెట్టింది.

"నిన్న రెండుసార్లు వచ్చి చూశాను," అంది చివరికి. "చూడచక్కగా ఉందన్నాను. ఒక్కసారి కూడా వేలు పెట్టి చూడలేదు." కట్టు మడిచి పెట్టె మీద పెట్టి, "ఇది రికార్డులో రాస్తాను. నీ పేరూ, నా పేరూ. రేపు ఏడింటికి రా. ఇకమీదట నువ్వు కట్టిన ప్రతి కట్టు కిందా నా వేళ్లు పెట్టి చూస్తాను."

ఆ సాయంత్రం నజీముద్దీన్ చాలాసేపు బకెట్టు మీద కూర్చున్నాడు. ఈసారి విన్నదాంతో సరిపెట్టుకోలేదు. ప్రతి పది నిమిషాలకీ లేచి వెళ్లి చూశాడు.

*

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. రోజా విడిచే వేళకి జరీనా ఖర్జూరం అందించింది. అతను అది చేతిలోనే పట్టుకుని, మొదటిసారి మొత్తం చెప్పాడు.

"నాన్నకి చెయ్యి విరిగితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకుని వచ్చినాడు, అంతకుముందు ఏడు. కదలకుండా ఉంటే అతుక్కుంటదని నమ్మకం. చేతికి పనికొచ్చింది దవడకెందుకు పనికిరాదు అనుకున్నాడు. తన తలపాగా చింపి గులాబీ పైదవడా కిందిదవడా కలిపి కట్టినాడు. సీసాతో మూతి పక్కనుంచి జావ పోసేవాడు, సగం కారిపోయేది. నేను ఏడిస్తే, 'అదీ మనతో రోజా ఉందిలేరా' అన్నాడు. నన్ను ఊరుకోబెట్టడానికే అన్నాడు."

జరీనా కదలకుండా వింది.

"తొమ్మిదిరోజులు అట్లే బతికింది. ఆరోరోజు నాన్న అలిసిపోయి నిద్రపోయినాడు. అది రేకుతొట్టిని గడ్డంతో తట్టింది. నన్నే చూస్తా తట్టింది. నాకు ఆ మెలిక విప్పడం వచ్చు జరీనా. చెయ్యి కూడా పెట్టినా. కానీ దాని రోజా నేను ఇడిపిస్తే పాపమనుకున్నా. చెయ్యి తీసేసినా."

"పదేండ్లోడివి."

"చెయ్యైతే ఇదే కదా."

జరీనా దగ్గరికి జరిగింది. అతని చేతిలో మెత్తబడిపోయిన ఖర్జూరాన్ని తీసి, గింజ వలిచి, అతని నోటికి అందించింది. "నములు," అంది. "నేను వింటాండా."

ఏడు వారాలకి తీగలు తీశారు. దవడ అతుక్కుంది. జైప్రకాష్ వచ్చి మైనాని తీసుకెళ్లాడు. డాక్టర్‌తో చెయ్యి కలిపాడు. నజీముద్దీన్‌తో కలపలేదు. ట్రెయిలర్ ఎక్కించేటప్పుడు మాత్రం మూతిపట్టీ దగ్గర ఆగి, "భాయ్, ఇది టైట్ ఉందా, చూడు" అన్నాడు. నజీముద్దీన్ రెండు వేళ్లు పెట్టి చూశాడు. దూరాయి.

మధ్యలో వచ్చిన జనవరి ఒకటిన కంప్యూటర్లు ఏ పాత సంవత్సరానికీ పోలేదు. జరీనా రెండురోజులు నిద్రపోయి లేచి మళ్లీ పనిలో పడింది. ఒక ఆదివారం పొద్దున నజీముద్దీన్ వంటింట్లో టీ కాస్తుంటే వినిపించింది. టక్... టక్.

"నేనేలే, కీబోర్డు," అని ముందుగదిలోంచి కేకేసింది జరీనా.

అతను పొయ్యి తగ్గించాడు. ముందుగదిలోకి వెళ్లి ఆమె వేళ్లు చూశాడు. పెరటి తలుపు తీసి, గేటు గడియ చూశాడు. పక్కింటి కుక్క గొలుసు దేనికైనా చుట్టుకుందేమో చూశాడు. ఏదీ బిగుసుకుని లేదని తేలాక వచ్చి టీ వడగట్టాడు.